రెండు వేళ్ళ సందు

మా ఆయన్ని కాలేజీలో అందరూ చంక మాస్టారంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. డాక్టరీ చదివే పిల్లలకి శరీర నిర్మాణం చెప్పడం ఆయన ఉద్యోగం. నడినెత్తి నుంచి కాలిగోరు దాకా అన్నీ చెప్పాలి గానీ, చంక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకి పూనకం వస్తుంది. ఆ పాఠం రోజున పై తరగతుల పిల్లలు కూడా వచ్చి గోడలకి ఆనుకుని నిలబడి వింటారట. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే. సొంత డప్పు కొట్టుకోవడానికి మా ఆయనకి మొహమాటం లేదు.

పెళ్ళైన కొత్తలో ఆ పాఠం నాకూ చెప్పారు.

"చంకంటే చెమటపట్టే గుంట అనుకుంటున్నావా? అదొక గది. ముందు గోడ రొమ్ము కండరాలు, వెనక గోడ వీపు కండరాలు. లోపలి వైపు పక్కటెముకలు, బయటి వైపు చేతి ఎముక. కింద చర్మం, అది నేల. పైన మెడవైపు ఒక సన్నటి గుమ్మం. చేతికి అందాల్సిన నెత్తురూ, నరాలూ అన్నీ ఆ గుమ్మంలోంచే దిగాలి. వేరే దారి లేదు."

అంతటితో ఊరుకోలేదు. ఐదు బూటు తాళ్ళు తెచ్చి కిటికీ ఊచకి కట్టారు. ఐదు నరాలు మెడలో బయల్దేరి, కలిసి మూడై, మళ్ళీ చీలి, మళ్ళీ జతకట్టి మూడు తాళ్ళై, చేతికి నెత్తురు తీసుకెళ్ళే పెద్ద ధమనిని మూడు పక్కల నుంచి ఎలా పట్టుకుంటాయో అల్లి చూపించారు. ధమని స్థానంలో స్టవ్వు గొట్టం ముక్క. దాని పక్కన సిర పేరుతో నా జడ రిబ్బను. "వెనకాల నక్కి ఉన్న తాడు చూశావా? చేతిని మణికట్టు దగ్గర పైకెత్తే నరానికి అది తల్లి. రేడియల్ నరం. అది పోతే చెయ్యి తెగిన కొమ్మలా వేలాడుతుంది," అన్నారు. ఈ మనిషితో కాపురం చెయ్యాలంటే బూటు తాళ్ళు కాస్త ఎక్కువ కొనుక్కోవాలని మాత్రం నాకు ఆ రోజు అర్థమైంది.

మా బావగారు, అంటే ఆయన అన్నగారు, దర్జీ. మామూలు దర్జీ కాదు, కోట్లు కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి. కుట్టడానికి షాపులో మనుషులున్నారు గానీ, బట్ట మీద సుద్ద గీసి కత్తెర పెట్టేది ఆయన ఒక్కరే. "కోటుకి అన్నీ సర్దుకోవచ్చు తల్లీ, చంక దగ్గర కత్తెర తప్పితే మాత్రం ఇక అది ఎవరి ఒంటికీ పట్టదు," అంటారు. అన్నదమ్ములిద్దరికీ చంకే కూడు పెడుతోందని మా తోటికోడలు ఎగతాళి చేసేది. ఆ ఎగతాళిలో నిజముంది. తండ్రి పోయాక చదువు మానేసి కత్తెర పట్టుకున్నది అన్న, ఆ కత్తెర మీద డాక్టరైనది తమ్ముడు. ఆ సంగతి బావగారు ఎప్పుడూ ఎత్తరు. మా ఆయన ఎప్పుడూ మరిచిపోరు.

అలాంటి బావగారు పై అరలోంచి బట్ట తాను లాగబోయి, స్టూలు జారి కిందపడి కాలు విరగ్గొట్టుకున్నారు. తొడ దాకా కట్టు కట్టి, రెండు చంకకర్రలిచ్చి ఇంటికి పంపారు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద హోటలు వాళ్ళు తమ సిబ్బంది అందరికీ కోట్లు కుట్టమని బట్ట దింపి వెళ్ళి ఉన్నారు. కత్తిరించే బల్ల నడుము ఎత్తు. నిలబడే పని చెయ్యాలి. నిలబడాలంటే రెండు చేతులూ కర్రల మీద ఉండాలి.

"చేతులు రెండూ కర్రలకిచ్చేసి కత్తెర పళ్ళతో పట్టుకోనా?" అని బావగారు మంచం మీంచే అరిచేవారు.

తమ్ముడి ప్రాణం ఊరుకుంటుందా? ఒక ఆదివారం వెళ్ళి ఆ కర్రల్ని ముందేసుకుని కూర్చున్నారు మా ఆయన. ఆసుపత్రి వాళ్ళు చంకకీ కర్రకీ మధ్య కాస్త సందు ఉండేలా బిగించి ఇచ్చారు. "కొలతలు కూడా సరిగ్గా తీసుకోరు వెధవలు," అని విసుక్కుంటూ మరలు విప్పి కర్రల్ని పైకి జరిపారు. పైన మందపాటి స్పాంజి చుట్టారు. దానికి మెత్తటి గుడ్డతో తొడుగు నేనే కుట్టాను, పువ్వు కూడా ఒకటి వేశాను.

"ఇక చేతుల సంగతి మర్చిపో అన్నయ్యా. హాయిగా కర్రల మీద వాలిపో. చంకలో బోలెడంత కొవ్వుంటుంది, పైగా ఈ దిండు. నొప్పి పుట్టదు. చేతులు రెండూ ఖాళీ," అన్నారు.

బావగారు బల్ల దగ్గర నిలబడి, హ్యాంగరుకి తగిలించిన కోటులా ఆ కర్రలకి వేలాడి, కుడిచేత్తో కత్తెర అందుకున్నారు. బట్ట సర్రున తెగింది. అందరం చప్పట్లు కొట్టాం. అన్నదమ్ములు చంకలు గుద్దుకున్నారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. ఇంత చదువుకున్న మనిషికి ఆ పూట ఏమైందని మీరడగొచ్చు. నేనూ అడిగాను. నాకు తోచిన జవాబు ఒక్కటే. ఆయన ఎరిగిన చంకలన్నీ బల్ల మీద పడుకున్నవి. చేతులు పక్కకి చాపి, చర్మం ఒలిచి, నరానికి నరం విడదీసి పెట్టినవి. ఏ శవమూ కర్రల మీద వేలాడి కోటు కత్తిరించలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి కాలేజీలో పరీక్షలొచ్చాయి. మొదటి రోజు పొద్దున్నే దారిలో బావగారింటికి వెళ్ళాం. మా తోటికోడలు టీ ఇచ్చింది. బావగారు ఎడమచేత్తో కప్పు అందుకున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, దాని మీద ఒక బట్ట ముక్క కప్పి ఉంది.

"అదేంటి బావగారూ, కొత్తగా ఎడమచేతి వాటం?" అన్నాను.

"రాత్రి దాని మీద పడుకున్నానమ్మా, కాస్త తిమ్మిరెక్కింది," అన్నారు, మొహం పక్కకి తిప్పుకుని. మా తోటికోడలు కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకేదో తేడాగా అనిపించింది. మా ఆయన చేతిగడియారం చూసుకుంటున్నారు.

ఆ తరవాత జరిగింది సాయంత్రం ఆయన నోటివెంటే విన్నాను. పరీక్ష నోటితో చెప్పేది. బయటి ఊరి నుంచి వచ్చిన ఇంకో పరీక్షకుడు పక్కన కూర్చుని ఉన్నారు. బల్ల ముందుకి ఒక అమ్మాయి వచ్చింది. మా ఆయన ఏటా అడిగే ప్రశ్నే అడిగారు. దానికి జవాబు చెప్పలేదని కిందటేడు ఒకణ్ణి పరీక్ష తప్పించారు కూడా. "రేపు నీ చేతిలో ఎవడో చెయ్యి పోగొట్టుకుంటాడు, ఫో," అని గదిమి మరీ పంపారట.

"ఒకాయన కాలు విరిగి చంకకర్రలు వాడుతున్నాడు. కొన్నాళ్ళకి మణికట్టు వేలాడిపోయింది. చెయ్యి పైకెత్తలేడు. ఏమైందమ్మా?"

"కర్ర చంకలో నొక్కుకుంది సార్. రేడియల్ నరం కర్రకీ చేతి ఎముకకీ మధ్య నలిగింది."

"అలా జరక్కుండా ఏం చెయ్యాలి?"

"చంకకీ కర్రకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంచాలి సార్. బరువు అరచేతుల మీద మొయ్యాలి, చంకల మీద వేలాడకూడదు."

సరిగ్గా అప్పుడు ఆయనకి ఒళ్ళో బట్ట కప్పుకున్న చెయ్యి గుర్తొచ్చింది. తరవాతి ప్రశ్న అడగడమే మర్చిపోయారట. ఆ పిల్ల తను తప్పు చెప్పానేమోనని భయపడి, "చంకలో ధమని కూడా నలగొచ్చు సార్," అని ఇంకా చెప్పుకుపోతోంది. మిగతా పిల్లల్ని పక్కాయనకి అప్పగించి, తలనొప్పని చెప్పి వచ్చేశారు.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా నాకిదంతా చెప్పి, "అన్నయ్య చెయ్యి పడేశానే," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు. పదండి వెళ్దాం అన్నాను.

మేం వెళ్ళేసరికి బావగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన తిన్నగా వెళ్ళి ఆ బట్ట తీసేశారు. "చెయ్యి ముందుకి చాపు అన్నయ్యా. ఇప్పుడు పైకెత్తు." మోచెయ్యి కదిలింది. మణికట్టు లేవలేదు. వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. బొటనవేలి వెనక చర్మాన్ని పట్టుకుని తెలుస్తోందా అని అడిగితే, మొద్దులా ఉందన్నారు.

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. బావగారు అది పక్షవాతమనుకున్నారు. ఇక కత్తెర పట్టలేననుకున్నారు. తెలిస్తే పనివాళ్ళు చెదిరిపోతారని, తమ్ముడికి పరీక్షల రోజులని, మొగుడూ పెళ్ళాలు నోరు కుట్టేసుకుని కూర్చున్నారు. "రెండు కోట్ల బట్ట చంక దగ్గరే తగలేశాను తమ్ముడూ. కత్తెర నా మాట వినలేదు," అని బావగారు చిన్నపిల్లాడిలా చెప్పుకొచ్చారు.

"పక్షవాతం కాదు అన్నయ్యా. చంకలో నరం నలిగింది, అంతే. వస్తుంది. టైము పడుతుంది గానీ వస్తుంది. కర్రలు... కర్రల ఎత్తు ఎక్కువైంది."

ఎక్కువైందట! అవి రాత్రికి రాత్రి వాటంతటవే మొలిచి పెరిగినట్టు.

నేను ఆయన వైపు చూశాను, ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని. ఆయన తలొంచుకుని మరలు విప్పి కర్రల్ని కిందికి దించారు. స్పాంజి ఊడదీసి, నేను కుట్టిన పువ్వు తొడుగుతో సహా నా సంచీలో కుక్కారు. ఈలోపు బావగారు ఎడమచేత్తో ఆయన్ని దగ్గరికి లాక్కుని కావలించుకున్నారు.

"చూశావుటే నా తమ్ముణ్ణి! ఒక్క చూపులో పట్టేశాడు!"

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లోనే ఇంత డాక్టర్ని పెట్టుకుని ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడ్చాను," అని మా తోటికోడలు కళ్ళొత్తుకుంది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచీని కాళ్ళ వెనక్కి నెట్టుకున్నాను. నేనూ చెప్పలేదు కదా మరి.

దారిలో నిలదీశాను. "చెప్దామనే వెళ్ళాను. అన్నయ్య కావలించుకున్నాడు. ఆ తరవాత నోరు పెగల్లేదు," అన్నారు.

"అయితే రేపు చెప్పండి."

"రేపు చెప్తాను."

ఆ రేపు నెల దాటినా రాలేదు. మణికట్టు వాలిపోకుండా చేతికి ఒక పట్టీ కట్టారు. రోజూ సాయంత్రం మా ఆయన వెళ్ళి ఆ చేతిని కదిలించేవారు. "ఎత్తు అన్నయ్యా," అనడం, అది లేవకపోవడం, "రేపు లేస్తుందిలే," అని అన్నే తమ్ముణ్ణి ఓదార్చడం. హోటలు వాళ్ళకి గడువు పొడిగించమని మా తోటికోడలు కబురు పెట్టింది. నరం నలగడమే అయితే వస్తుంది. లోపల తెగి ఉంటే రాదు. ఆ మాట మా ఆయన నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. అన్నం ముందు కూర్చుని చేతులు కడుక్కుని లేచిపోయేవారు.

ఇది చాలదన్నట్టు బావగారి ప్రచారం. షాపులో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ ఇదే కథ. పక్షవాతమని ప్రాణం మీద ఆశ వదులుకున్నారట, తమ్ముడు వచ్చి బట్ట ఎత్తి ఒక్క చూపు చూశాడట, ఫలానా నరం అన్నాడట. కథ చెప్పిన కొద్దీ పెరిగింది. మెడ పట్టేసినవాళ్ళూ, మోకాళ్ళు నొప్పులవాళ్ళూ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మా ఆయన వాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపేవారు. ఒకసారి షాపులో నా ఎదురుగానే బావగారు ఆ కథ ఎత్తుకుంటే, ఈయన గోడ మీది అద్దంలో తనని తాను చూసుకుని చటుక్కున తల తిప్పేసుకున్నారు. నాకు జాలి వేసింది. దాని వెనకే మండిపోయింది కూడా. ఇంటికొచ్చాక, "పొగడ్తలు జీర్ణమవుతున్నాయా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ ఏడు చంక పాఠం గోడల దగ్గరే ఆపేసి, నరాల సంగతి మీరే చదువుకోండి అని పిల్లలకి చెప్పేశారట.

కాలి కట్టు విప్పాక కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం పట్టీ తీసి "ఎత్తు అన్నయ్యా" అంటే, బొటనవేలు కాస్త అదిరింది. మర్నాడు మణికట్టు వణుకుతూ లేచి పడింది. ఇంకొన్నాళ్ళకి నిలబడింది. మా ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అప్పుడైనా చెప్తారనుకున్నాను. మళ్ళీ కథ అలాగే మిగిలింది.

చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి వచ్చాక బావగారు కబురు పెట్టారు, ఇద్దరూ షాపుకి రండి అని. వెళ్తే బల్ల మీద ముదురు బూడిద రంగు కోటు, ఇంకా కచ్చాకుట్లతోనే ఉంది.

"హోటలు వాళ్ళ బట్ట తరవాత. ఈ చెయ్యి లేచాక మొదటి కత్తెర నా తమ్ముడి కోటుకే పెట్టాను. తొడుక్కో."

మా ఆయన తొడుక్కున్నారు. బావగారు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చెయ్యెత్తమన్నారు. ఎత్తారు. ఆయన చంక కింద వేళ్ళు పెట్టి అతుకు సరిచూస్తూ, ఆ కుడిచేత్తోనే ఒక్కొక్క సూదీ గుచ్చుతున్నారు. మా తోటికోడలూ నేనూ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాం.

"అన్నయ్యా, ఆ కర్రలు పైకి జరిపింది నేనే."

"ఊఁ," అన్నారు బావగారు, సూదుల మధ్యనుంచి.

"ఆసుపత్రి వాళ్ళు సరిగ్గానే ఇచ్చారు. నేనే ఎత్తు పెంచి, చంకల మీద వేలాడమన్నాను. దాని వల్లే నీ చెయ్యి పడిపోయింది. నేను కనిపెట్టింది నేను చేసిందే."

బావగారి చెయ్యి ఆగింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చారు. "చెయ్యి దించు," అన్నారు. దించారు.

"అలా వేలాడితే చెయ్యి పోతుందని నీకు తెలియదా?"

"తెలుసు. ఏటా పిల్లల్ని అడిగేదే. నీ ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు. నీ చేతులు ఖాళీ అవ్వాలన్నదొక్కటే బుర్రలో ఉంది."

"దానికేంలే. చెయ్యి పడింది, లేచింది. నువ్వు నా మంచికే చేశావు, అంతమాత్రం ఎరగనా? కానీ ఒరేయ్..." బావగారు సూదుల గుడ్డ పక్కన పెట్టారు. "నేను వచ్చినవాడికీ పోయినవాడికీ నిన్ను పొగుడుతుంటే, పక్కన నిలబడి విన్నావు చూడు. ఒక్క రోజు కాదు. నా నోటితో అబద్ధం ఆడించావురా. నా షాపులో, నా మీద నమ్మకంతో వచ్చేవాళ్ళ ముందు."

మా తోటికోడలు నా వైపు తిరిగింది.

"నీకూ తెలుసా?"

"తెలుసక్కా. ఆ తొడుగు కుట్టింది నేనే కదా."

ఆమె బెంచీ మీద కాస్త అవతలికి జరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అంతలో తలుపు తీసుకుని హోటలు మేనేజరు వచ్చాడు, కోట్లు ఎంతవరకు వచ్చాయో కనుక్కోవడానికి. సగం కుట్టిన కోటులో నిలబడి ఉన్న మా ఆయన్ని చూడగానే మొహం విప్పారింది.

"ఈయనేనా మీ తమ్ముడుగారు! ఒక్క చూపులో రోగం పట్టేశారట కదా సార్? ఎలా పట్టారు?"

బావగారు సుద్దముక్క తీసుకుని బల్లవైపు తిరిగారు. "ఆయన్నే అడగండి. ఆయనే చెప్తాడు."

మా ఆయన చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. "పట్టడం కాదండీ. అన్నయ్య చెయ్యి పడిపోవడానికి కారణం నేనే. కర్రలు తప్పుగా బిగించింది నేను," అన్నారు.

మేనేజరు పకపకా నవ్వాడు. "నిండు కుండ తొణకదని ఊరికే అన్నారా! ఎంత వినయం సార్ మీది!" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

మా ఆయన బావగారి వీపు వైపు చూశారు. ఆయన తిరగలేదు. బట్ట మీద సుద్ద గీత ఒకటి పొడుగ్గా గీశారు. మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"వినయం కాదండీ," అన్నారు. "కూర్చోండి. మొదటినుంచీ చెప్తాను."